తిప్ప మీద లీజు

జూన్ పంతొమ్మిదో తేదీ ఉదయం హేచరీ గేటుకి ఎవరో కాగితం అంటించి వెళ్ళారు. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. వాచ్‌మన్ మౌలా దాన్ని రెండుసార్లు చదివి, గేటుకి తాళం వేసి పాలెంలోకి నడిచాడు. పాలేనికి పెద్ద, పెదకాపు చిన్నపోలయ్య ఒడ్డున వల దులుపుతున్నాడు. వేట నిషేధం ముగిసి అది ఐదో రోజు.

"కాపన్నా, కంపెనీ దివాలా తీసిందంట. గేటుకి కాయితం ఏసినారు."

"ఓనరు రంగనాయకులు వచ్చినాడా?"

"ఆయన రాలా. ఇంక ఆయన చేతిలో ఏం లేదంట. మధుబాబు అని ఒకాయన పేరు రాసినారు. ఇకమీదట అంతా ఆయనేనంట."

చిన్నపోలయ్య వల కింద పెట్టాడు. "నిన్న మేం రిజిస్టరు ఉత్తరం ఏసినామే. అది ఎవరికి పోద్ది?"

"ఎవరికి రాసినారు?"

"రంగనాయకులికే."

ఇద్దరూ కలిసి కాగితం చూడ్డానికి గేటు దాకా వెళ్ళారు. దివాలా ఆర్డరు తేదీ జూన్ పదమూడు అని ఉంది.

కోట మండలంలోని ఆ పాలెంలో నూట పది ఇళ్ళు ఉన్నాయి. ఊరికి ఉత్తరాన, సముద్రం పక్కన ఇసుక తిప్ప ఉంది. చుట్టూ ఉన్న నేలకంటే ఎనిమిది అడుగులు ఎత్తు, రెండెకరాల నలభై సెంట్లు. భూమి మత్స్యకారుల సంఘం పేరున ఉంది. సంఘానికి అధ్యక్షుడు కూడా చిన్నపోలయ్యే. 2014 మే నెలలో సంఘం ఆ తిప్పను రొయ్యపిల్లల హేచరీ కోసం ఇరవై ఏళ్ళ లీజుకిచ్చింది. తీసుకున్నది గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసిన రంగనాయకులు పెట్టిన కంపెనీ. అప్పట్లో ఒడ్డు వెడల్పుగా ఉండేది. పడవలు పెట్టుకోవడానికి తిప్పతో పని లేదు.

పత్రంలో పదకొండో షరతు ఒకటుంది. పన్నెండు నెలలు వరసగా అద్దె కట్టకపోతే సంఘం ఉత్తరం రాసి లీజు రద్దు చేసుకోవచ్చు. ఉత్తరం అందిన ముప్పై రోజులకు భూమి అప్పగించాలి.

2023 ఏప్రిల్ నుంచి అద్దె రాలేదు. ఆ డిసెంబరు తుఫాను హేచరీ పంపుహౌసునూ, సముద్రం నుంచి నీళ్ళు తోడే గొట్టాలనూ తీసుకుపోయింది. తొట్లలో తల్లి రొయ్యలు చచ్చాయి. అదే తుఫాను పాలెం ఒడ్డును నలభై అడుగులు కోసింది. ముప్పై ఒక్క పడవల్లో నాలుగు పోయాయి. అప్పటినుంచి సముద్రం లేచినప్పుడు పడవలు లాగి పెట్టడానికి ఎత్తు నేల అంటూ ఉంటే అది తిప్ప ఒక్కటే. దాని చుట్టూ హేచరీ గోడ ఉంది.

అయినా సంఘం వెంటనే ఉత్తరం రాయలేదు. దానికి కారణం పాలెం కట్టుబాటు. దాన్ని వాళ్ళు దురాయి అంటారు. పడవ పోగొట్టుకున్నవాణ్ణి, వచ్చే వేట నిషేధం ముగిసి మొదటి వేట ఒడ్డుకు చేరేదాకా ఎవరూ ఏదీ అడగకూడదు. బాకీ అడగకూడదు. ఎరువిచ్చిన వల అడగకూడదు. అడిగినవాడికి తప్పు వేస్తారు, అంటే జరిమానా.

తుఫాను పోయిన నెలకు రంగనాయకులు పాలెం వచ్చాడు. పెద్దలు కూర్చునే వలల షెడ్డు బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. "అంతా పోయింది," అన్నాడు.

చిన్నపోలయ్య తన వాళ్ళ వైపు తిరిగి, "మనకి పడవ ఎట్టనో ఆయనకి ఆ పంపుహౌసు అట్ట," అన్నాడు. "దురాయి ఆయనకీ అంతే."

చిన్నపోలయ్య అక్క కొడుకు గణేష్ సంఘానికి కార్యదర్శి. "కంపెనీకి దురాయేంది మామా?" అని అడిగాడు. ఎవరూ అతన్ని బలపరచలేదు.

2024 మార్చి నెలాఖరుకు పన్నెండు నెలలు నిండాయి. ఏప్రిల్ గడిచింది. మే గడిచింది. జూన్ పదిహేనున పడవలు వేటకు పోయాయి, పదహారున మొదటి వేట ఒడ్డుకు వచ్చింది. పదిహేడు బక్రీదు సెలవు. పద్దెనిమిదిన గణేష్ కోట పోస్టాఫీసులో ఉత్తరం రిజిస్టరు చేశాడు.

* * *

గూడూరులో వకీలు సుభాషిణి ఆఫీసు రైల్వే స్టేషన్‌కు వెళ్ళే వీధిలో మేడ మీద ఉంది. ఆమె లీజు పత్రం మొత్తం చదివి, గణేష్ ఫోన్‌లో గేటు మీది కాగితం ఫొటో చూసింది.

"ఐదు రోజులు," అంది.

"ఏంది మేడమ్?" అన్నాడు గణేష్.

"ఆర్డరు పదమూడున వచ్చింది. మీ ఉత్తరం పద్దెనిమిదిన పోయింది. ఆర్డరు వచ్చిన రోజు నుంచి మారటోరియం. అంటే అన్నీ యాడివి ఆడ ఆగిపోతాయి. బ్యాంకులు కూడా ఏమీ జప్తు చెయ్యకూడదు. కంపెనీ చేతి కింద ఉన్న ఆస్తి ఎవరిదైనా కానీ, సొంతదారు వెనక్కి తీసుకోకూడదు."

"భూమి మాది కదమ్మా," అన్నాడు చిన్నపోలయ్య.

"మీదే. కాదని ఎవరూ అనరు. కానీ దాంట్లో కూర్చోనుండేది వాళ్ళు. లేపకూడదు."

"పదమూడుకి ముందే ఉత్తరం ఏసుంటే?"

"ఏప్రిల్లో ఏసుంటే మేలో భూమి మీ చేతికి వచ్చుండేది. అప్పుడే ఎందుకెయ్యలా?"

గణేష్ దురాయి సంగతి చెప్పాడు. సుభాషిణి మధ్యలో ఆపకుండా విన్నది.

"ఎన్నాళ్ళు అడగరు మీరు?"

"మాది ఆరు నెలలమ్మా," అన్నాడు చిన్నపోలయ్య. "వాళ్ళది ఎన్నాళ్ళు?"

"చట్టంలో నూట ఎనభై రోజులు. పొడిగిస్తే మూడు వందల ముప్పై. అది దాటి పోయేవి కూడా ఉండాయి."

ఆమె కంప్యూటరులోంచి ఒక ఫారం తీసి ప్రింటు ఇచ్చింది. కంపెనీ నుంచి ఎవరికేం రావాలో రాసి ఇచ్చే ఫారం అది. రావలసిన మొత్తం ఎంత అని ఒక గడి ఉంది. చిన్నపోలయ్య దాన్ని గణేష్ చేత చదివించుకుని, "భూమి కావాలని యాడ రాయాల?" అని అడిగాడు.

"దానికి గడి లేదు పెద్దాయనా. పాత అద్దె వరకు రాయండి. వస్తాదని మాత్రం అనుకోబాకండి."

తిరుగు బస్సు చిల్లకూరు దాటాక గణేష్ అందుకున్నాడు.

"రంగనాయకులు ఏం నష్టపోయినాడు మామా? చెప్పులు. అయి కూడా మళ్ళీ తొడుక్కోని పోయినాడు."

"ఆయనకి మాత్రం ఇదంతా యాడ తెలుసురా."

"నిమ్మకాయలు అమ్మినోడికి తెలీదా? నువ్వు ఇంకా ఆయన పక్కనే మాట్లాడతాండావే."

"నిద్రొస్తాండాది, ఊరుకో," అన్నాడు చిన్నపోలయ్య.

* * *

మధుబాబు సెప్టెంబరు మొదటి వారంలో వచ్చాడు. విజయవాడలో ఆడిటరు. దివాలా తీసిన కంపెనీని చూసుకుంటూ కొనేవాళ్ళను వెతకడానికి ట్రైబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్. మౌలా అతన్ని ఆర్పీ సార్ అన్నాడు, పాలెంలో అందరూ అదే అన్నారు. తొట్లు లెక్కపెట్టాడు. జనరేటరు నంబరు రాసుకున్నాడు. మౌలాకు జూన్ నుంచి రావలసిన జీతం ఫోన్‌లోనే పంపించాడు. ఆ తర్వాత చిన్నపోలయ్యనీ గణేష్‌నీ పిలిపించి ప్యాకింగ్ షెడ్డులో కుర్చీలు వేయించాడు.

"మీ ఉత్తరం నాకు చేరింది," అన్నాడు. "దానికి నేను ఒప్పుకోవడానికి లేదు. కానీ జూన్ పదమూడు నుంచి అద్దె నెలనెలా ఇస్తాను. ఈ కేసు నడిపే ఖర్చులో అది ముందు వరసలో ఉంటుంది. దాంట్లో మీకు లోటు రాదు."

"అద్దె వద్దు సార్," అన్నాడు గణేష్.

"ఎందుకని?"

"అద్దె తీసుకుంటే లీజు ఉన్నట్టే కదా."

"తీసుకోకపోయినా ఉన్నట్టే," అన్నాడు మధుబాబు. "తీసుకోండి. మీ మంచికే చెబుతున్నాను."

చిన్నపోలయ్య పడవల సంగతి చెప్పాడు. ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో, ఇప్పుడెక్కడ ఉందో లేచి నిలబడి చూపించాడు. తొట్లు, షెడ్లు అవసరమైతే ఉంచుకోండి, ఉత్తరపు వైపు ఖాళీ స్థలం మాకివ్వండి చాలు అన్నాడు.

మధుబాబు ఆ ఖాళీ స్థలం వైపు చూశాడు. "పెద్దాయనా, నా దగ్గర ఏముందో చెబుతాను, వినండి. సిమెంటు తొట్లు. వాటిని కొట్టించాలంటే ఎదురు ఖర్చు. పంపుహౌసు లేదు. మిగిలింది రెండే. ఒకటి హేచరీ లైసెన్సు. అది కంపెనీ మునిగిందని చెప్పి ఇప్పుడు రద్దు చేయడానికి వీల్లేదు. రెండోది మీ లీజు, ఇంకా పదేళ్ళుంది. ఎవరైనా ఈ కంపెనీని కొంటే ఆ రెండింటి కోసమే కొంటారు. లీజు మీకు వదిలేస్తే ఇక్కడ అమ్మడానికి ఏమీ ఉండదు. బ్యాంకులు నన్ను అడుగుతాయి."

"మా లీజు మీ సరుకా సార్?" అన్నాడు గణేష్.

"అవును," అన్నాడు మధుబాబు. "నా చేతిలో ఇలాంటి కంపెనీలు పదకొండు ఉన్నాయి." మౌలా తెచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు నెలాఖరుకు సంఘం ఖాతాలో అద్దె పడింది. గణేష్ వెనక్కి పంపుదామన్నాడు. ఎలా పంపాలో బ్యాంకువాళ్ళకు తెలియలేదు. అది అలాగే ఉండిపోయింది.

* * *

అక్టోబరులో వాయుగుండం పుట్టింది. పడవలన్నీ వెనక్కి రావాలని మెరైన్ పోలీసులు మైకులో చెప్పి వెళ్ళారు. తిప్ప మీద పడవలు పెట్టుకోనివ్వమని గణేష్ ఆ మధ్యాహ్నం మధుబాబుకి ఫోన్ చేశాడు. గంటలో బ్యాంకువాళ్ళతో మాట్లాడి చెబుతానని అతను అన్నాడు. నాలుగు గంటలు పట్టింది. సాయంత్రం గణేష్ ఫోన్‌కు రెండు పేజీలు వచ్చాయి. వలల షెడ్డులో పెద్దలు తొమ్మిదిమంది కూర్చున్నారు. గణేష్ చదివి అర్థం చెప్పాడు.

తిప్ప ఉత్తరపు ఖాళీలో పడవలు పెట్టుకోవడానికి కంపెనీ సంఘానికి అనుమతి ఇస్తుంది. జనవరి పదిహేనుకల్లా తీసెయ్యాలి. ఆ అనుమతి వల్ల సంఘానికి ఏ హక్కూ రాదు. జూన్ పద్దెనిమిది నాటి ఉత్తరాన్ని సంఘం వెనక్కి తీసుకుంటుంది. లీజు 2034 మే దాకా నడుస్తుందని ఒప్పుకుంటుంది. కంపెనీ రేపు ఎవరి చేతికి పోయినా, పాత అద్దె ఎగ్గొట్టారన్న కారణం మీద రద్దు అడగదు.

"మన తిప్ప మీద మన పడవ పెట్టుకోడానికి వాళ్ళ పర్మిషనా?" అని ఒకాయన అడిగాడు.

"అదే రాసుండాది," అన్నాడు గణేష్.

సుభాషిణికి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. వాన చప్పుడుకు ఆమె గొంతు ఎక్కువతక్కువగా వినబడింది. "ట్రైబ్యునల్‌లో పిటిషన్ వెయ్యొచ్చు. మీకు ఏప్రిల్లోనే హక్కు పుట్టింది, అది పోలేదు అని వాదించొచ్చు. గెలుస్తామని నేను చెప్పలేను. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. సంతకం పెడితే మాత్రం ఆ వాదన ఇంక లేనట్టే. ఆలోచించుకోండి."

"ఆలోచించడానికి ఎల్లుండి దాకే ఉండాది మేడమ్," అని గణేష్ ఫోన్ పెట్టేశాడు. తర్వాత చిన్నపోలయ్య వైపు తిరిగాడు. "సంతకం వద్దు మామా. పదేళ్ళు. ఈ గాలికి కాకపోతే ఇంకో గాలికి మళ్ళీ వీళ్ళనే అడుక్కోవాల. పడవల్ని తాళ్ళతో కట్టి చూద్దాం. కేసు ఏద్దాం."

గుమ్మం దగ్గర ముసలమ్మ నిలబడి ఉంది. పెద్దల్లో ఆడవాళ్ళు కూర్చోరు. మాట్లాడితే ఆపరు. కిందటి తుఫానులో పోయిన నాలుగు పడవల్లో ఒకటి ఆమెది. ఆమె దాని ఇంజను మాత్రం ఇసుకలోంచి తవ్వి తీయించుకుంది. ఇప్పుడున్నది పాలెంలోనే ఒకరి దగ్గర పాత పడవ కొని ఆ ఇంజను బిగించుకున్నది.

"తాళ్ళతో కట్టినామబ్బా పోయినేడు," అంది. "నా తాడు గుంజకే ఉండాది, పోయి చూడండి. పడవే లేదు."

"అది కాదు అవ్వా, పదేళ్ళంటే..."

"పదేళ్ళు నువ్వుంటావులే, నీకు కావాల. నాకు ఎల్లుండికి పడవ కావాల." ఆమె చిన్నపోలయ్యను చూసింది. "ఆ నిమ్మకాయలోడికి ఆరు నెలలు ఆగినావే పోలయ్యా. అడిగితే తప్పు ఏస్తానన్నావే. సముద్రం మీద కూడా దురాయి ఎయ్యి, ఆగుతాదేమో చూద్దాం."

ఒకరిద్దరు నవ్వారు. చిన్నపోలయ్య నవ్వలేదు, కోపపడలేదు.

"ఆగమన్నది నేనే అక్కా," అన్నాడు. "గణేష్ వద్దన్నాడు. మిగతావాళ్ళు నా మాట మీద ఊరుకున్నారు."

"సరే, ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు కేసు ఏస్తే గెలవచ్చు, గెలవకపోవచ్చు. గెలిచే పొద్దుకి పడవలు లేకపోతే తిప్ప ఎందుకు? పెట్టుకునేదానికి ఏముంటాది మనకి?" గణేష్ వైపు చేయి చాపాడు. "ఆ కాయితం కోటకి పోయి స్టాంపు మీద తీసుకోనిరా. సంఘం ముద్ర తెచ్చుకో."

"మామా, ఒకసారి పెట్టినాక..."

"తెలుసురా. పో."

గణేష్ మోటారు సైకిల్ మీద వెళ్ళి, తడిసి వచ్చాడు. కాగితాలు సంచిలో తడవలేదు. చిన్నపోలయ్య రెండు పేజీల మీదా సంతకం పెట్టాడు. గణేష్ కార్యదర్శిగా కింద పెట్టాలి. పెట్టాడు. ఫొటో తీసి మధుబాబుకి పంపితే, సరే అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే పడవలు లాగడం మొదలుపెట్టారు. కోట నుంచి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. గేటు వెడల్పు పద్నాలుగు అడుగులు. ఒక్కో పడవనూ పక్కనుంచి పదిమంది పట్టుకుని తిప్పాలి. గేటు దగ్గర మౌలా ఒక రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. పడవ నంబరు, యజమాని పేరు, లోపలికి వచ్చిన టైము రాసుకోమని ఆర్పీ సార్ చెప్పాడు. వానకు రిజిస్టరు తడవకుండా తన గొడుగు దాని మీద పట్టాడు, తను తడిశాడు.

"పేరు?" అన్నాడు చిన్నపోలయ్య పడవ వచ్చినప్పుడు.

"ఏం మౌలా, నా పేరు తెలీదా?"

"తెలుసన్నా. అడిగి రాసినట్టు ఉండాలంట."

"చిన్నపోలయ్య. రాసుకో."

ఇరవై ఏడో పడవ లోపలికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ రాత్రీ మర్నాడూ గాలి వీచింది. రెండు కరెంటు స్తంభాలు పడ్డాయి. సముద్రం ఒడ్డును ఇంకో పాతిక అడుగులు కోసింది. కిందటేడు పడవలు కట్టిన గుంజల వరస నీళ్ళలో ఉండిపోయింది. పడవలకు ఏమీ కాలేదు.

* * *

డిసెంబరులో అప్పిచ్చిన బ్యాంకులు, కంపెనీని ఎవరికివ్వాలో ఓటు వేశాయి. భీమవరం వైపు కంపెనీ ఒకటి హేచరీని తీసుకుంటుందని, ట్రైబ్యునల్ ఒప్పుకోవడమే మిగిలిందని సుభాషిణి ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళ ప్లానులో ఆస్తుల కింద మొదటి వరసలో రాసింది తిప్ప లీజు, తొమ్మిదేళ్ళ ఐదు నెలలు. సంఘం అడిగిన పాత అద్దెకు ఎదురుగా సున్నా వేశారు.

"దాని మీద ఏమన్నా చెయ్యాలా మేడమ్?" అని గణేష్ అడిగాడు.

"చెయ్యడానికి ఏం లేదు," అంది ఆమె.

జనవరి పదో తేదీన మౌలా వలల షెడ్డుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పదిహేనుకి తీసెయ్యాలన్నా. సార్ రెండుసార్లు ఫోన్ చేసినాడు. కొత్త కంపెనీవాళ్ళు చూసిపోయేదానికి వస్తారంట. నా చేతిలో ఉంటే..."

"నీ చేతిలో లేదులే మౌలా," అన్నాడు చిన్నపోలయ్య. "తీస్తాం."

పదమూడో తేదీన గణేష్, ఇంకో ఇద్దరు తాడుతో ఒడ్డు కొలిచారు. పోటు మీద కూడా నీళ్ళు తగలని చోటు, పడవకీ పడవకీ మధ్య మనిషి నడిచేంత వదిలితే, పదిహేను పడవలకు సరిపోతుంది. రెండోసారి కొలిచినా అంతే వచ్చింది. పన్నెండు పడవలు దక్షిణాన వాగు సముద్రంలో కలిసే మొగలో పెట్టుకోవాలి. వాగు పాలేనికి నాలుగు కిలోమీటర్లు. రోడ్డు లేదు. ఇంజను, వలలు, డీజిలు భుజం మీద మోసుకుపోవాలి. అక్కడ పెట్టిన పడవకు కాపలా ఎవరూ ఉండరు.

ఎవరు ఒడ్డున, ఎవరు వాగులో అన్నది చీటీలతో తేలుద్దామన్నారు. పద్నాలుగో తేదీ పొద్దున, సంక్రాంతి పండగైనా, షెడ్డులో గణేష్ నోటుబుక్కు కాగితం చించి పేర్లు రాశాడు. మడిచి బకెట్‌లో వేశాడు. తీయబోతుంటే ముసలమ్మ ఆపింది.

"లెక్కపెట్టు ముందు."

గణేష్ లెక్కపెట్టాడు. ఇరవై ఆరు ఉన్నాయి.

"ఎవురిది లేదు?"

"మామది," అన్నాడు గణేష్. "రాయొద్దన్నాడు."

ముసలమ్మ చిన్నపోలయ్య వైపు తిరిగింది. ఆయన షెడ్డు చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏంది పోలయ్యా, కాపువని నీకు చీటీ లేకుండానే ఒడ్డునా?"

"నాది వాగుకి పోతాదక్కా."

"నీ మోకాళ్ళకి వాగు దాకా నడుస్తావా?"

"నడుస్తా. పొద్దున్నే లేస్తా, అంతే."

"తప్పు కట్టుకుంటాండావా?"

"తప్పు ఎయ్యమని నేను అడగలా, మీరు ఎయ్యలా. నా పడవ వాగుకి పోతాది. తియ్యండి చీటీలు."

ముసలమ్మ బకెట్ దగ్గర కూర్చుని చేయి పెట్టి ఒక చీటీ తీసి గణేష్‌కిచ్చింది. అతను పేరు చదివాడు. అది గిద్యోను పడవ. ముందు తీసినవి వాగుకి, బకెట్‌లో మిగిలినవి ఒడ్డుకి అనుకున్నారు కాబట్టి, "వాగు," అన్నాడు. చిన్నపోలయ్య పడవ పోను వాగుకి పదకొండు చీటీలు తీశారు. ముసలమ్మ పేరు ఆ పదకొండులో రాలేదు.

మధ్యాహ్నానికి గేటు తెరిచారు. మౌలా రిజిస్టరులో బయటికి వెళ్ళిన టైములు రాసుకున్నాడు. ఒడ్డు పడవలు పదిహేను ట్రాక్టరుతో దిగాయి. వాగు పడవలను నీళ్ళలోకి తోశారు. చిన్నపోలయ్య ఇంజను మూడుసార్లు లాగితే అందుకుంది. గణేష్ ముందువైపు ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వెందుకురా?"

"వాగు నుంచి తిరిగి ఒక్కడివే నడుస్తావా?"

చిన్నపోలయ్య పడవను దక్షిణానికి తిప్పాడు. మిగతా పదకొండు పడవలు వెనక వరసగా వచ్చాయి. వాగు మొగ చేరేసరికి పాటు తీసి నీళ్ళు తగ్గి ఉన్నాయి. పడవలు లోపలికి పోవడానికి నీళ్ళు చాలలేదు. పోటు వచ్చేదాకా లంగరు వేసుకుని కూర్చున్నారు.